బక్ ఐసీ పెట్టినంత మాత్రాన అది బక్ కన్వర్టర్ అయిపోదు

నెగటివ్ వోల్టేజ్ కావాల్సి వస్తే చాలామంది చేసే పని ఒకటే. చేతికి అందిన బక్ మాడ్యూల్ (ఎక్కువ వోల్టేజ్‌ని తగ్గించి ఇచ్చే స్విచింగ్ కన్వర్టర్) ఒకటి తీసుకుని, దాని ప్లస్ అవుట్‌పుట్‌ని మన సర్క్యూట్ గ్రౌండ్‌కి కలిపేసి, మాడ్యూల్ మీద గ్రౌండ్ అని ఉన్న చోట నుంచి మైనస్ తీసుకుంటారు. మీటర్ పెడితే చక్కగా మైనస్ 12 చూపిస్తుంది కూడా. అక్కడితో పని అయిపోయింది అనుకుని, మాడ్యూల్ 3 యాంప్స్‌ది కదా 2 యాంప్స్ దాకా లాగొచ్చులే అని లోడ్ పెడతారు, అప్పుడు మొదలవుతుంది అసలు గోల, వోల్టేజ్ కూలిపోవడం, ఐసీ ముట్టుకోలేనంత వేడెక్కడం, ఆన్ చేసినప్పుడల్లా ఆప్‌యాంప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ) ఒకటి పోవడం, ఇలా.

ఈ పద్ధతే తప్పు అని నేను అనట్లేదు. ఒక 50 మిల్లీయాంప్స్ నుంచి ఒక యాంప్ దాకా నెగటివ్ రైల్, అంటే మైనస్ సప్లై లైన్, కావాలంటే మామూలు బక్ ఐసీని ఇలా తిప్పి వాడటమే చాలా సందర్భాల్లో మంచి దారి అని నా గట్టి అభిప్రాయం. ఐసీలు సులువుగా దొరుకుతాయి, ఒక్క ఇండక్టర్ చాలు, రెగ్యులేషన్ బావుంటుంది. నా అభ్యంతరం అంతా ఒక్క దానిమీదే, దాన్ని బక్ అనుకుని లెక్కలు వెయ్యడం మీద. ఐసీ బక్‌దే, కానీ మీరు కట్టింది ఇన్వర్టింగ్ బక్-బూస్ట్, అంటే ఇన్‌పుట్‌కి వ్యతిరేక గుర్తుతో, దానికన్నా ఎక్కువైనా తక్కువైనా వోల్టేజ్ ఇచ్చే కన్వర్టర్. కరెంటు లెక్క వేరు, ఐసీ మీద పడే వోల్టేజ్ వేరు, అవుట్‌పుట్‌ని చూసి సరిదిద్దే కంట్రోల్ లూప్ నడిచే తీరు వేరు, ఆఖరికి గ్రౌండ్ కూడా వేరే చోట ఉంది.

అసలు నెగటివ్ రైల్ కావాలా అని ముందు ఒకసారి అడగాలి. సెన్సర్ సిగ్నల్ సున్నా దాకా దిగట్లేదు, సప్లై అంచుల దాకా వెళ్తుందనే రైల్-టు-రైల్ ఆప్‌యాంప్ కూడా కింద కొన్ని మిల్లీవోల్టుల దగ్గర ఆగిపోతోంది అన్నదే బాధైతే మైనస్ 12 అక్కర్లేదు, మైనస్ పావు వోల్టు చాలు, అచ్చంగా అందుకే ఎల్ఎం7705 అని ఒక చిన్న ఐసీ ఉంది, మైనస్ 0.23 వోల్టులు ఇస్తుంది అంతే. ఆడియో సిగ్నల్ అయితే సగం వోల్టేజ్ దగ్గర వర్చువల్ గ్రౌండ్ పెట్టుకుని, కెపాసిటర్ కప్లింగ్‌తో చాలాసార్లు నెట్టుకురావచ్చు. అదే డీసీ దాకా రెండు వైపులా ఊగే సిగ్నల్ అయినా, సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్ గేట్‌ని ఆఫ్‌లో గట్టిగా పట్టుకోవడానికి మైనస్ 4 లేదా 5 కావాల్సి వచ్చినా, డిప్లీషన్ మోడ్ గాలియం నైట్రైడ్ ఆర్‌ఎఫ్ ట్రాన్సిస్టర్‌కి గేట్ బయాస్ ఇవ్వాల్సి వచ్చినా తప్పించుకోలేం. ఆ ఆర్‌ఎఫ్ కేసులో నెగటివ్ గేట్ వోల్టేజ్ ముందు రావాలి, డ్రెయిన్ సప్లై తర్వాత రావాలి, క్రమం తారుమారైతే ఖరీదైన ట్రాన్సిస్టర్ పోతుంది. అలాంటి చోట నెగటివ్ రైల్‌ని చివర్లో మిగిలిన జాగాలో ఇరికించే అలవాటు చాలా ప్రమాదం.

కొద్ది కరెంటుకి ఛార్జ్ పంప్, అంటే కెపాసిటర్లని మార్చి మార్చి కలిపి వోల్టేజ్ తిప్పే సర్క్యూట్, బావుంటుంది. పాత ఐసీఎల్7660 తీసుకుంటే రెండు కెపాసిటర్లతో ప్లస్ 5 ని మైనస్ 5 చేసేస్తుంది, ఇండక్టర్ లేదు. కానీ దాని అవుట్‌పుట్ రెసిస్టెన్స్ 55 ఓమ్‌ల దాకా ఉంటుంది, 20 మిల్లీయాంప్స్ లాగితే ఒక వోల్టు పైన పోతుంది, పైగా రెగ్యులేషన్ అనేది లేదు, ఇన్‌పుట్ ఎలా ఊగితే అవుట్‌పుట్ అలా ఊగుతుంది. ఒకటి రెండు ఆప్‌యాంప్‌లకి సరే. ఆరేడు ఆప్‌యాంప్‌లు, ఒక ఏడీసీ (అనలాగ్‌ని డిజిటల్ చేసే ఐసీ) డ్రైవర్ ఉన్న బోర్డుకి కూడా ఇదే పెట్టి, వోల్టేజ్ చాలట్లేదని ఇంకో రెండు 7660 లు పక్కపక్కన పెట్టడం చూస్తే మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ పాటికి స్విచింగ్ కన్వర్టరే చిన్నదిగా వస్తుంది.

సరే, అసలు విషయానికి వద్దాం. ప్లస్ 12 నుంచి మైనస్ 12, 300 మిల్లీయాంప్స్ కావాలి అనుకుందాం, స్విచింగ్ 500 కిలోహెర్ట్జ్. అంటే పీరియడ్ 2 మైక్రోసెకన్లు. స్విచ్ ఆన్ అయినప్పుడు ఇండక్టర్‌కి ఒక కొస ప్లస్ 12 కి, రెండో కొస సర్క్యూట్ గ్రౌండ్‌కి ఉంటుంది, కరెంటు ఎక్కుతూ పోతుంది. ఈ టైమ్‌లో అవుట్‌పుట్‌కి కన్వర్టర్ నుంచి ఏమీ వెళ్ళదు, లోడ్ మొత్తాన్ని అవుట్‌పుట్ కెపాసిటర్ ఒక్కటే మోస్తుంది. స్విచ్ ఆఫ్ అవగానే ఇండక్టర్ కరెంటు టక్కున ఆగలేదు కాబట్టి స్విచ్ నోడ్‌ని (స్విచ్, ఇండక్టర్, డయోడ్ కలిసే చోటు) కిందకి లాగేస్తుంది, సున్నా దాటి, మైనస్ 12 కూడా దాటి ఇంకో అర వోల్టు కిందకి వెళ్ళాక షాట్కీ డయోడ్ తెరుచుకుంటుంది, అప్పుడు ఆ కరెంటు గ్రౌండ్‌లోకి వెళ్ళి, అవుట్‌పుట్ కెపాసిటర్, లోడ్ గుండా మైనస్ రైల్‌కి చేరి, డయోడ్ మీదుగా తిరిగొస్తుంది. స్కోప్‌లో స్విచ్ నోడ్ చూస్తే ఇది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది, ఒక మైక్రోసెకను ప్లస్ 12 దగ్గర చదునుగా ఉండి, కొన్ని నానోసెకన్లలో నిట్టనిలువుగా జారిపోయి, మైనస్ 12.5 దగ్గర ఇంకో మైక్రోసెకను ఉంటుంది. మొత్తం 24 వోల్టులు పైనే ఊగుతోంది. 12 వోల్టుల సర్క్యూట్ అనుకుని 20 వోల్టుల ఐసీ పెట్టినవాళ్ళు ఈ ఒక్క వేవ్‌ఫామ్ చూస్తే చాలు.

ఐసీ గ్రౌండ్ పిన్ మైనస్ 12 మీద కూర్చుంది, ఇన్‌పుట్ పిన్ ప్లస్ 12 మీద ఉంది, కాబట్టి ఐసీకి కనిపించేది ఇన్‌పుట్, అవుట్‌పుట్ కలిపితే ఎంతో అంత. ఇన్‌పుట్ 15 దాకా వెళ్ళొచ్చు అంటే 27, స్విచ్ మారే ఎడ్జ్ దగ్గర వచ్చే రింగింగ్ (క్షణకాలం ఊగిసలాట) కూడా కలుపుకుంటే 36 లేదా 40 వోల్టుల ఐసీ కావాలి. ఇందులో బేరం లేదు.

డ్యూటీ సైకిల్ (ఒక పీరియడ్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వంతు) అంటే అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల మొత్తంతో భాగిస్తే వచ్చేది, ఇక్కడ 12 బై 24, అంటే 0.5, డయోడ్ డ్రాప్ కలిపితే ఇంకొంచెం ఎక్కువ. ఇండక్టర్ సగటు కరెంటు అనేది లోడ్ కరెంటుని, ఒకటిలోంచి డ్యూటీ తీసేస్తే మిగిలినదానితో భాగించాలి. అంటే 300 మిల్లీయాంప్స్ లోడ్‌కి ఇండక్టర్లో 600. బక్‌లో అయితే ఇండక్టర్ సగటు కరెంటు, లోడ్ కరెంటు ఒకటే, ఇక్కడ కాదు, ఎందుకంటే అవుట్‌పుట్‌కి సరుకు అందేది ఆఫ్ టైమ్‌లో మాత్రమే. 5 వోల్టుల నుంచి మైనస్ 12 చెయ్యాలంటే డ్యూటీ 0.7 దాటుతుంది, ఇండక్టర్ కరెంటు లోడ్‌కి 3.4 రెట్లు. మొదట్లో చెప్పిన 3 యాంప్స్ మాడ్యూల్ ఇక్కడ ఆదర్శంగా చూసుకున్నా 0.88 యాంప్స్ ఇస్తుంది, రిపుల్ (కరెంటు ఎక్కుతూ దిగుతూ ఉండే ఊపు) పీక్ తీసేసి, వేడి కూడా చూసుకుంటే అది కూడా రాదు. 12 నుంచి మైనస్ 12 కి అయితే కాగితం మీద 1.5, నేనైతే ఒక యాంప్ దగ్గర ఆగిపోతా. మాడ్యూల్ అబద్ధం చెప్పలేదు, ఆ 3 యాంప్స్ బక్‌గా వాడినప్పటి మాట.

ఇన్‌పుట్ తగ్గినప్పుడే కరెంటుకి గడ్డు పరిస్థితి, ఇది గుర్తుంచుకోవాలి. అదే 12 వోల్టుల బ్యాటరీ 9 కి దిగితే డ్యూటీ 0.57, ఇండక్టర్ సగటు 700 మిల్లీయాంప్స్. వోల్టేజ్ రేటింగ్ లెక్క ఎక్కువ ఇన్‌పుట్ దగ్గర, కరెంటు లెక్క తక్కువ ఇన్‌పుట్ దగ్గర వెయ్యాలి, రెండూ ఒకే చోట వేసి సరిపెట్టేస్తే కుదరదు.

ఇప్పుడు ఇండక్టర్ విలువ. రిపుల్ 40 శాతం అనే అలవాటు లెక్క ప్రకారం వెళ్తే సుమారు 47 మైక్రోహెన్రీ వస్తుంది, చాలామంది అదే పెట్టేస్తారు. నేను 33 పెడతా, అవసరమైతే 22 కి కూడా దిగుతా. ఎందుకంటే ఇక్కడ రైట్ హాఫ్ ప్లేన్ జీరో అనే ఒక పెద్ద సమస్య ఉంది, బక్‌లో అది లేదు, అందుకే బక్ అలవాటుతో వచ్చినవాళ్ళకి అది ఉందనే తట్టదు. జరిగేది ఏంటంటే, లోడ్ హఠాత్తుగా పెరిగింది, అవుట్‌పుట్ కొంచెం తగ్గింది, కంట్రోలర్ చూసి ఆన్ టైమ్ పెంచింది. ఆన్ టైమ్ పెరిగితే ఆఫ్ టైమ్ తగ్గుతుంది, అవుట్‌పుట్‌కి అందేదే ఆఫ్ టైమ్‌లో కదా, కాబట్టి ముందు ఇంకా తగ్గిపోతుంది. కొన్ని సైకిల్స్ గడిచి ఇండక్టర్ కరెంటు పెరిగాక గానీ సర్దుకోదు. ఈలోపు కంట్రోలర్ తొందరపడితే, తగ్గింది కాబట్టి ఇంకా పెంచు, ఇంకా తగ్గింది ఇంకా పెంచు అని ఆసిలేషన్‌లో పడుతుంది.

ఆ జీరో ఎక్కడుందో లెక్క కట్టొచ్చు. లోడ్ రెసిస్టెన్స్‌ని, ఒకటిలోంచి డ్యూటీ తీసేస్తే మిగిలినదాని వర్గంతో గుణించి, రెండు పై, ఇండక్టెన్స్, డ్యూటీ మూడింటి గుణకారంతో భాగించాలి. మన ఉదాహరణలో లోడ్ 40 ఓమ్‌లు, 47 మైక్రోహెన్రీతో జీరో దాదాపు 68 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది, 33 తో 96, 22 తో 145. ఇన్‌పుట్ 9 కి దిగితే 33 తో కూడా 62 కి వచ్చేస్తుంది. లూప్ క్రాసోవర్ (లూప్ గెయిన్ ఒకటికి దిగే ఫ్రీక్వెన్సీ, లూప్ ఎంత వేగంగా స్పందిస్తుందో చెప్పేది) దాంట్లో అయిదో వంతు దగ్గర, అంటే 12 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంచితే మనశ్శాంతి. ఇంటర్నల్ కాంపెన్సేషన్ (లూప్ వేగాన్ని నిర్ణయించే సర్దుబాటు ఐసీ లోపలే) ఉన్న బక్ ఐసీలు చాలావాటిలో క్రాసోవర్ దీనికన్నా పైన ఉండేలా చేసి ఉంటారు, ఎందుకంటే బక్‌కి అది మంచిదే. అందుకే కాంపెన్సేషన్ పిన్ బయటకి ఇచ్చిన ఐసీ తీసుకోమని నేను పదే పదే చెప్తా. అది కుదరకపోతే డేటాషీట్‌లో ఇన్వర్టింగ్ అప్లికేషన్ సర్క్యూట్ ఇచ్చిన ఐసీ తీసుకుని, వాళ్ళిచ్చిన ఇండక్టర్, కెపాసిటర్ విలువలకి దగ్గరగా ఉండాలి. అవుట్‌పుట్ కెపాసిటర్ పెంచితే క్రాసోవర్ కిందకి దిగుతుంది, అది ఒక ఉపాయం.

ఇండక్టర్ తగ్గించినందుకు రిపుల్ పెరుగుతుంది, 33 తో పీక్ కరెంటు 780 మిల్లీయాంప్స్, 9 వోల్టుల దగ్గర 860. సాచురేషన్ రేటింగ్ (ఇండక్టర్ కోర్ ఏ కరెంటు దాకా తట్టుకుంటుందో అది) మాత్రం ఈ పీక్‌కి చూసుకుని ఆగకూడదు, ఐసీ కరెంట్ లిమిట్ ఎంతో దానికి సరిపడా చూసుకోవాలి, ఎందుకంటే స్టార్టప్‌లోనూ, అవుట్‌పుట్ షార్ట్ అయినప్పుడూ కరెంటు ఆ లిమిట్ దాకా వెళ్తుంది. అందుకే 300 మిల్లీయాంప్స్ పనికి 3 యాంప్స్ ఐసీ పెట్టడం కన్నా ఒకటిన్నర యాంప్స్ ఐసీ, దానికి తగ్గ చిన్న ఇండక్టర్ పెట్టడం మేలు.

ఫీడ్‌బ్యాక్ దగ్గర మాత్రం ఏ ఇబ్బందీ లేదు. డివైడర్ పై కొస సర్క్యూట్ గ్రౌండ్‌కి, కింది కొస మైనస్ రైల్‌కి. రిఫరెన్స్ 0.8 వోల్టులైతే పైన 140 కిలో ఓమ్, కింద 10 కిలో ఓమ్ చాలు. ఐసీ దృష్టిలో అది ప్లస్ 12 నే రెగ్యులేట్ చేస్తోంది.

ఐసీని ఆన్, ఆఫ్ చేసే ఎనేబుల్ పిన్ దగ్గర మాత్రం చాలామంది దెబ్బతింటారు. మైక్రోకంట్రోలర్ నుంచి 3.3 వోల్టులు ఇస్తే ఐసీ ఆన్ అవుతుంది, మొదట్లో ఐసీ గ్రౌండ్ సున్నా దగ్గరే ఉంది కాబట్టి. అవుట్‌పుట్ మైనస్ 12 కి దిగాక మైక్రోకంట్రోలర్ పిన్‌ని సున్నా చేసినా, ఐసీ గ్రౌండ్ నుంచి చూస్తే అది ప్లస్ 12, ఇంక ఆఫ్ అవ్వదు. ఆ పిన్ 6 వోల్టుల వరకే తట్టుకునేదైతే ఐసీ పోతుంది కూడా. ఇన్‌పుట్ మరీ తగ్గితే ఐసీని ఆపేసే అండర్ వోల్టేజ్ లాకవుట్‌ది కూడా ఇదే కథ, నడుస్తున్నప్పుడు ఐసీకి అవుట్‌పుట్ తాలూకు 12 వోల్టులు అదనంగా కనిపిస్తాయి కాబట్టి ఇన్‌పుట్ పడిపోతున్నా ఆపదు, డ్యూటీ పెంచుకుంటూ అంతకంతకూ ఎక్కువ కరెంటు లాగుతుంది. లెవెల్ షిఫ్టర్లతో సర్దొచ్చు గానీ, నా ఓటు ఇన్‌పుట్ రైల్‌లోనే ఒక పీ-ఛానల్ మాస్‌ఫెట్ స్విచ్ పెట్టి, దాని గేట్‌ని నెమ్మదిగా తెరవడానికి. కంట్రోల్ మామూలు గ్రౌండ్ లెక్కలోనే ఉంటుంది, పైగా ఇప్పుడు చెప్పబోయే ఇంకో రోగం కూడా దీంతో తగ్గుతుంది.

ఐసీ ఇన్‌పుట్ పిన్‌కీ ఐసీ గ్రౌండ్ పిన్‌కీ మధ్య సిరామిక్ కెపాసిటర్ తప్పనిసరి, స్విచింగ్ కరెంటు తిరిగే చిన్న లూప్ అదే, 50 వోల్టులది పెట్టాలి. ప్లస్ 12 కీ సర్క్యూట్ గ్రౌండ్‌కీ మధ్య ఒకటి పెట్టి ఇది వదిలేస్తే స్విచింగ్ కరెంటు రెండు కెపాసిటర్ల మీదుగా బోర్డంతా చుట్టి వస్తుంది, ఆ నాయిస్ ఏ ఫిల్టర్‌తోనూ పోదు. రెండూ కావాలి. కానీ మొదటి కెపాసిటర్ వల్ల ఒక చిక్కు ఉంది, అది ప్లస్ 12 కీ మైనస్ రైల్‌కీ మధ్య ఉంది కదా, సప్లై టక్కున తగిలించినప్పుడు అది, అవుట్‌పుట్ కెపాసిటర్ సిరీస్‌లో పడి వోల్టేజ్ పంచుకుంటాయి. అది 10 మైక్రోఫారడ్, అవుట్‌పుట్ 22 అనుకుంటే, మైనస్ రావాల్సిన రైల్ ఒక్క క్షణం ప్లస్ 3.7 వోల్టుల వైపు ఎగరాలని చూస్తుంది. స్విచ్ నోడ్ దగ్గరి డయోడ్ కొంత అడ్డుకుంటుంది గానీ అది ఇండక్టర్ గుండా పోవాలి, ఆలస్యం. ఆప్‌యాంప్ నెగటివ్ పిన్ గ్రౌండ్ కన్నా పైకి వెళ్తే లాచప్ (లోపల షార్ట్‌లా ఇరుక్కుపోవడం) అయ్యే అవకాశం ఉంది, ఎలక్ట్రోలిటిక్ ఉంటే తిరగబడ్డ వోల్టేజ్ చూస్తుంది. మైనస్ రైల్ నుంచి గ్రౌండ్‌కి ఒక షాట్కీ డయోడ్, ఆనోడ్ మైనస్ రైల్ వైపు పెడితే ఈ గొడవ చాలావరకు వదిలిపోతుంది. ప్లస్ రైల్ ముందు లేచి, లోడ్ గుండా మైనస్ రైల్‌ని పైకి నెట్టేటప్పుడు కూడా ఇదే కాపాడుతుంది. మైనస్ రైల్ ఉన్న ప్రతి బోర్డు మీదా ఈ డయోడ్ ఉండాల్సిందే.

అవుట్‌పుట్ రిపుల్ గురించి. ఆన్ టైమ్‌లో కెపాసిటర్ ఒక్కటే లోడ్‌ని మోస్తుంది అన్నాను కదా, ఆ లెక్కన 22 మైక్రోఫారడ్‌తో 14 మిల్లీవోల్టుల రిపుల్. కానీ సిరామిక్ కెపాసిటర్ మీద 12 వోల్టుల డీసీ పడితే దాని విలువ సగానికి, కొన్ని చిన్న ప్యాకేజీల్లో ఇంకా కిందకి పడిపోతుంది, 10 మిగిలిందనుకుంటే 30 మిల్లీవోల్టులు. ఎడ్జ్‌ల దగ్గర వచ్చే సన్నటి స్పైకులు వేరే. ఈ రిపుల్‌ని ప్లస్ రైల్ రిపుల్ కన్నా సీరియస్‌గా తీసుకోమని ఎందుకంటానంటే, చాలా ఆప్‌యాంప్‌లలో లోపలి కాంపెన్సేషన్ నెగటివ్ రైల్‌ని పట్టుకుని ఉంటుంది, అందువల్ల ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ నెగటివ్ రైల్ మీద నాయిస్‌ని అడ్డుకునే శక్తి ప్లస్ రైల్ కన్నా ముందే పడిపోతుంది. డేటాషీట్‌లో రెండు గీతలు విడివిడిగా గీసి ఉంటారు, చూడండి. 500 కిలోహెర్ట్జ్ దగ్గర ఏమీ మిగలని ఆప్‌యాంప్‌లు బోలెడు. ఎల్ఎం337 లాంటి పాత లీనియర్ రెగ్యులేటర్ తర్వాత పెట్టేస్తే శుభ్రం అయిపోతుంది అనుకోవడం కూడా సరికాదు, అంత ఫ్రీక్వెన్సీలో దాని చేతిలో ఏమీ ఉండదు. ముందు ఒక 2.2 మైక్రోహెన్రీ, మళ్ళీ ఒక సిరామిక్ (డీసీ పడ్డాక 10 మైక్రోఫారడ్ మిగిలేది), దాని పక్కన రింగింగ్ అణచడానికి ఒక చిన్న ఎలక్ట్రోలిటిక్ పెడితే 34 కిలోహెర్ట్జ్ దగ్గర ఫిల్టర్ ఏర్పడుతుంది, 500 దగ్గర లెక్క ప్రకారం 200 రెట్ల పైన తగ్గిస్తుంది. ఫీడ్‌బ్యాక్ మాత్రం ఈ ఫిల్టర్‌కి ముందే తీసుకోవాలి. ఇంకా శుభ్రం కావాలంటే దాని తర్వాత ఎల్‌టీ3094 లాంటి నెగటివ్ ఎల్‌డీవో (తక్కువ డ్రాప్‌తో పనిచేసే లీనియర్ రెగ్యులేటర్), అది మెగాహెర్ట్జ్ దగ్గర కూడా 70 డీబీ పైన అడ్డుకోగలదు.

రిపుల్ విషయంలో అసలు రాజీ పడలేని చోట చూక్ టోపాలజీ ఉంది, కాల్‌టెక్‌లో స్లోబోదాన్ చూక్ 1970లలో తెచ్చింది. రెండు ఇండక్టర్లు, మధ్యలో ఒక కెపాసిటర్, ఇన్‌పుట్ కరెంటూ అవుట్‌పుట్ కరెంటూ రెండూ తెగకుండా పారతాయి కాబట్టి రిపుల్ చాలా తక్కువ. ఎల్‌టీ1931 ఇలా వాడటానికే వచ్చిన ఐసీ. నాకు చాలా ఇష్టమైన సర్క్యూట్ అది, అయినా మొదటి ఎంపికగా దాన్ని చెప్పను, పార్టులు ఎక్కువ, మధ్య కెపాసిటర్ రిపుల్ కరెంటు అంతా మొయ్యాలి, లూప్ ఇంకా చిక్కుగా ఉంటుంది.

లేఅవుట్‌లో ఒక్కటి చెప్తా. ఐసీ కింద ఉండే థర్మల్ ప్యాడ్ గ్రౌండ్ పిన్‌కి కలిసి ఉంటుంది, అంటే మైనస్ 12. అలవాటు కొద్దీ దాన్ని వయాలతో (బోర్డు పొరల్ని కలిపే రంధ్రాలు) గ్రౌండ్ ప్లేన్‌కి దించేస్తే అవుట్‌పుట్ నేరుగా షార్ట్. దానికి విడిగా మైనస్ రైల్ కాపర్ కావాలి, వేడి పోవాల్సింది కూడా ఆ కాపర్‌లోకే కాబట్టి పెద్దదిగా ఉండాలి. సింబల్‌లో గ్రౌండ్ అని ఉన్న పిన్ పేరు చూసి సాఫ్ట్‌వేర్ దానంతట అదే గ్రౌండ్ నెట్‌కి కలపకుండా చూసుకోండి.

టెస్ట్ చేసేటప్పుడు స్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ ఐసీ గ్రౌండ్ పిన్‌కి పెట్టొద్దు, స్కోప్ ఎర్త్, బోర్డ్ గ్రౌండ్ ఎక్కడో కలిసి ఉంటే క్లిప్ గుండా మైనస్ రైల్ షార్ట్ అవుతుంది. ఐసీ లెక్కన ఏదైనా సిగ్నల్ చూడాలంటే రెండు ఛానళ్ళు పెట్టి తీసివేత చెయ్యండి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సప్లై కరెంట్ లిమిట్ మరీ తక్కువ పెడితే కన్వర్టర్ లేవలేక అక్కడే వేలాడుతుంది, స్టార్టప్‌లో ఇది మామూలు కన్నా చాలా ఎక్కువ లాగుతుంది, దాన్ని ఐసీ పాడైందని పొరబడొద్దు. లేచాక ఇన్‌పుట్‌ని 9 కి తగ్గించి, లోడ్‌ని 30 మిల్లీయాంప్స్ నుంచి 300 కి ఒక్కసారిగా మార్చి చూడండి. ఒక కుంగు కుంగి ఒకే ఊపులో తిరిగొస్తే లూప్ బావుంది. తిరిగొచ్చాక రెండు మూడు సార్లు పైకీ కిందకీ ఊగితే అవుట్‌పుట్ కెపాసిటర్ పెంచండి, లేదా కాంపెన్సేషన్ రెసిస్టర్ తగ్గించి మళ్ళీ అదే 9 వోల్టుల దగ్గర చూడండి, 12 దగ్గర బావున్నది అక్కడ బావుండకపోవచ్చు.